చేతివాటం

కొన్ని ఇంగ్లీషు మాటలు మన ఇళ్ళలోకి చుట్టపుచూపుగా వచ్చి పోతాయి. కొన్ని మాత్రం అద్దెకు దిగినట్టు దిగి, చూస్తుండగానే ఇంటివాళ్ళయి కూర్చుంటాయి. "టెన్షన్" అలాగే వచ్చింది. "అడ్జస్ట్" వచ్చింది. అది వచ్చాక సర్దుకుపోవడానికి కాస్త గౌరవం పెరిగినట్టు కనిపించింది గాని, సర్దుకుపోయేవాళ్ళు మాత్రం పాతవాళ్ళే. ఇప్పుడు "మానిప్యులేట్" దిగింది. 2022లో మా నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక వచ్చిన కొత్త ఆఫీసులతోపాటు వచ్చిందో, ఫోన్లలోంచి ఊడిపడిందో తెలీదు గాని, మా వీధిలో ఇంటర్మీడియెట్ చదివే పిల్లలకు ఈ మాట మంచినీళ్ళప్రాయమైపోయింది. "ఈ ఒక్క చాప్టరూ చదివెయ్యి బంగారూ, పొద్దున నీకిష్టమైన ఉగ్గాని చేస్తా" అన్న తల్లితో ఒక పిల్ల "నన్ను మానిప్యులేట్ చెయ్యొద్దు మమ్మీ" అందట. ఆ తల్లి సంగతంతా నాకు చెప్పి, చివర్న గొంతు తగ్గించి అడిగింది: "అదేమన్నా తిట్టా అక్కా?"

తిట్లకు కూడా పుట్టుపూర్వోత్తరాలుంటాయి కదా, చూసి చెప్తానన్నాను. నేను చదివింది ఆర్ట్సు. లాటిన్ రాదు. కానీ నిఘంటువు తెరిస్తే పొయ్యి మీద పాలు గుర్తుండని జబ్బు నాకు చిన్నప్పట్నుంచీ వుంది.

లాటిన్‌లో "మనుస్" అంటే చెయ్యి. "మనిపులుస్" అంటే చెయ్యి నిండేంత. అంటే మన పిడికెడు, మన గుప్పెడు. కోతల్లో కొడవలి ఆడించేటప్పుడు ఎడమచేతి పిడికిట్లో ఇమిడేంత పైరు వుంటుందే, అంత. రోమన్ల సైన్యంలో ఒక దళానికి కూడా ఇదే పేరు. వెనకటి రోజుల్లో ఆ దళం వాళ్ళు కర్ర చివర పిడికెడు గడ్డి కట్టి దాన్నే జెండాగా మోసుకెళ్ళేవారని రోమన్లే చెప్పుకునేవారు. ఆ తర్వాత ఈ మాట ఫ్రాన్సులో మందులు నూరేవాళ్ళ దగ్గరికి చేరి కొలత అయింది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు "పిడికెడు తులసాకు, చిటికెడు మిరియాల పొడి" అని కషాయం చెబుతారు చూడండి, సరిగ్గా అలాంటి కొలత. ఇంగ్లీషులోకి 1730 ప్రాంతాల్లో వచ్చింది. అప్పుడు దాని అర్థం గనుల్లో ముడిఖనిజం తవ్వే ఒక పద్ధతి. 1820ల నాటికి వస్తువులను నేర్పుగా చేత్తో వాడటం అనే అర్థం స్థిరపడింది. ఆ వెంటనే, అదే పదేళ్ళలోపల, మనుషులను మన పనికి అనువుగా నడిపించుకోవడం అనే అర్థం కూడా వచ్చి పక్కన కూర్చుంది.

గడ్డి, ఆకు, ఖనిజం, చివరికి మనిషి. రాతి మీద వున్న చెయ్యి మనిషి మీదికి రావడానికి నిండా వందేళ్ళు పట్టలేదు చూశారా!

అయితే ఈ చెయ్యి చేసుకున్న పాపమంతా ఒక్క ఈ మాటకే అంటింది, పాపం. దీని తోడబుట్టినదే "మేనేజ్". దాంట్లోనూ వున్నది అదే చెయ్యి. ఇటలీలో గుర్రాలను మాలిమి చేసి చెప్పినట్టు నడిపించడానికి వాడిన మాటలోంచి వచ్చింది. "పెళ్ళివారికి భోజనాలు చాల్లేదట గదా?" అంటే "ఎలాగో మేనేజ్ చేశాను లెండి" అని గర్వంగా చెప్పుకుంటాం. "మానిప్యులేట్ చేశాను లెండి" అని ఎవరమైనా అంటామా? వైద్యంలో మాత్రం ఈ మాటకు ఇప్పటికీ మచ్చ రాలేదు. తప్పిన కీలును, పక్కకు జరిగిన ఎముకను డాక్టరు చేత్తో సరిచేస్తే దాన్ని మానిప్యులేషన్ అనే అంటారు. మన పుత్తూరు కట్టువాళ్ళు చేసేదీ అదే. రోగి కేక పెడతాడు. కానీ తన చేతిని ఎవరు పట్టుకున్నారో, ఎందుకు లాగుతున్నారో అతనికి తెలుసు.

ఇక మన తెలుగు సంగతి చూద్దాం. మనకు "చెయ్యి" అన్నా అవయవమే, "చెయ్యి" అన్నా పని చెయ్యమనే. చేతిని, చేతను మన భాష విడదియ్యనే లేదు. అందుకే చేతి చుట్టూ మంచీ చెడ్డా రెండూ పెరిగాయి. వైద్యుడిది మంచి హస్తవాసి. రచయితది చెయ్యి తిరిగిన చెయ్యి. అమ్మాయిని అత్తవారి చేతుల్లో పెడతాం. మరి కొడుకు పెళ్ళానికి మంచి చీర కొన్నాడంటే? "దాని గుప్పిట్లో పెట్టుకుంది" అంటాం. మనిపులుస్ అంటే గుప్పెడని ఇందాక చెప్పాను కదా. లాటిన్ ముక్క రాని మన అత్తగార్లు లాటిన్ వాళ్ళ మాటను ఎంత సూటిగా తెలుగు చేశారో చూడండి! ఆ మాట కోడలి గురించే అంటారు తప్ప, అంతకు ముందు పాతికేళ్ళు అదే కొడుకును గుప్పిట్లో పెట్టుకున్న తల్లి గురించి ఎవరూ అనరు, అది వేరే విషయం.

వీటన్నిటిలోకీ నాకు నచ్చిన మాట చేతివాటం. క్రికెట్ వ్యాఖ్యాత "ఎడమచేతి వాటం ఆటగాడు" అంటే అందులో తప్పేమీ లేదు. "కుడిచేతి వాటం" అంటే కుడిచెయ్యి ఎలా ఒదిగితే అలా అని. కానీ పేపర్లో "గుమాస్తా చేతివాటం" అని పడిందంటే ఆ గుమాస్తా ఉద్యోగం ఊడినట్టే! ఒకే మాట. ఒకచోట నేర్పు, ఇంకోచోట దొంగతనం. ఆ ఇంగ్లీషు మాట నడిచిన దారిలోనే, దాని మొహం కూడా ఎరక్కుండా, మన మాటా నడిచింది. అంటే తప్పు భాషది కాదు. చేతిలోనే ఏదో తిరకాసు వుంది.

ఆ తిరకాసు చూడాలంటే నంద్యాల నుంచి సిరివెళ్ళ మీదుగా సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణం చేసి ఆళ్లగడ్డకు రండి. మా పుట్టిల్లు ఆళ్లగడ్డ దగ్గర పల్లెటూరు. ఆళ్లగడ్డలో బస్సు దిగకముందే ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఈమధ్య దానికి కోత మిషన్ల రొద తోడయింది. రోడ్డు పక్కన తెల్లటి దుమ్ములో సగం తేలిన వినాయకులు, ఇంకా కళ్ళు తెరవని అమ్మవార్లు, మెడదాకా పూర్తయిన నాయకులు వరసగా నిలబడి వుంటారు. ఇక్కడి విగ్రహాలు మన రాష్ట్రంలో గుళ్ళకే కాదు, విదేశాల్లో మనవాళ్ళు కట్టుకున్న గుళ్ళకు కూడా పోతాయి. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడ నిలబడితే నాకు పొద్దు తెలిసేది కాదు.

శిల్పి రాయిని ముందు చెక్కడు. సుత్తితో తట్టి మోత వింటాడు. గంటలా ఖంగుమంటే పనికొస్తుంది. బొంగుగా పలికితే లోపల ఎక్కడో పగులుందన్నమాట. మోతను బట్టి పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని మూడు రకాలు చెబుతుంది శిల్పశాస్త్రం. అమ్మవారి విగ్రహాలకూ, దేవుళ్ళ కింద పీఠాలకూ స్త్రీశిల వాడమంది. పైనున్నవాళ్ళను మోసే పని రాయిగా పుట్టినా తప్పలేదన్నమాట! మోత చూశాక రాతివాటం చూస్తాడు. ఏ వైపు ఉలి పెడితే పెచ్చు తేలిగ్గా లేస్తుందో, ఏ వైపు పెడితే అనుకోని చోట బీటలిస్తుందో చూసుకుని, అప్పుడు మొదటి దెబ్బ వేస్తాడు. రాతివాటం తెలిసినవాడికే చేతివాటం కుదురుతుంది.

మనుషులను చెక్కేవాళ్ళు కూడా ఇదే చేస్తారు. ముందు తట్టి చూస్తారు.

మంథర చేసింది అదే. రాముడికి పట్టాభిషేకమన్న మాట విని కైక మొదట సంతోషించింది. ఆ కబురు తెచ్చినందుకు మంథరకు నగ బహుమానం ఇచ్చింది. అంటే మొదటి దెబ్బకు రాయి ఖంగుమని మంచిగానే మోగింది. మంథర ఆ నగను విసిరికొట్టి, ఇంకో వైపు నుంచి తట్టింది. సవతి రాజమాత అవుతుందే, రేపు నీ స్థానమేమిటి, నీ కొడుకు గతేమిటి అంది. ఆ వైపు పగులుంది. గమ్మత్తేమిటంటే మంథర ఆడిన అబద్ధం ఏదీ అంటే వెతుక్కోవలసిందే. పట్టాభిషేకం నిజం, సవతి నిజం, పాత వరాలు నిజం. ధర్మరాజు కూడా అంతే కదా. అశ్వత్థామ చచ్చాడని గట్టిగా చెప్పి, చచ్చింది ఏనుగని చిన్నగా గొణిగాడు. ఆయన నోట వచ్చిన ప్రతి ముక్కా నిజమే. ద్రోణుడు అస్త్రాలు వదిలేసింది మాత్రం గట్టిగా వినపడ్డ ముక్కకు. కాబట్టి "నేను అబద్ధం ఆడలేదు గదా" అనేవాళ్ళను వదిలెయ్యడానికి వీల్లేదు. మానిప్యులేషన్‌కు అబద్ధం అవసరమే లేదు. ఏ నిజాన్ని ఎంత గట్టిగా, ఎప్పుడు, ఎవరి చెవిలో వెయ్యాలో తెలిస్తే చాలు.

మరి అబద్ధం కొలత కాకపోతే ఏది కొలత? నాకు చాలాకాలం ఒక కొలత బాగానే పనిచేసింది. చేసేపనిని ఎదుటి మనిషికి చెప్పి చెయ్యగలమా, లేదా? ఉగ్గాని ఆశ పెట్టిన తల్లి చెప్పే చేసింది. అది బేరం. పిల్లకూ తెలుసు, తల్లికీ తెలుసు. ఇష్టమైతే చదువుతుంది, లేకపోతే ఉప్మా తింటుంది. ఆ పిల్ల వాడిన మాట అక్కడ అతకలేదని మా వీధి తల్లికి ధైర్యంగా చెప్పాను. చెబితే చెడిపోయే పనైతేనే ఆ మాట అతుకుతుందనేదాన్ని.

ఈ కొలతను పాడుచేసింది మా మేనత్త.

మా అత్త మా నాయనకు, చిన్నాయనకు అక్క. మా అబ్బ చనిపోయిన ఏడాది, అంటే 1989లో, భూమి కాగితాలు సర్దుకోవలసి వచ్చింది. తెలుగుదేశం ప్రభుత్వం తెచ్చిన 1986 చట్టం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానంగా హక్కిచ్చింది గాని, అప్పటికే పెళ్ళయిపోయిన మా అత్తలాంటివాళ్ళను గడప బయటే నిలబెట్టింది. అయినా 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం తండ్రి భాగంలో ఆమెకూ వాటా వుంది. పెద్ద వాటా కాదు. కానీ కె.సి. కాలువ కింద భూమి, తీసిపారేసేదీ కాదు.

చిన్నాయన వాళ్ళ వూరికి పోయి అక్కను పిల్చుకొచ్చాడు. మా అమ్మ ఓళిగలు చేసింది. కొత్త చీర తెచ్చారు. అప్పుడు నేను నాలుగో తరగతి. జీపులో అత్త ఒళ్ళో కూర్చుని నేనూ పోయాను. "బ్యాంకోళ్ళు కాగితాలు అడుగుతుండారక్కా. నీకు తెలీనిదేముంది? నీ మనసు వెన్న. పుట్టిల్లు యాడికి పోతాది, నువ్వెప్పుడొచ్చినా నీదే" అన్నాడు మా నాయన. అందులో అబద్ధం ఒక్కటి లేదు. బ్యాంకువాళ్ళు అడిగిన మాట నిజం. ఆమె మనసు వెన్నన్నదీ నిజమే. పుట్టిల్లు తర్వాత కూడా అక్కడే వుంది. దస్తావేజు చదివి వినిపించారు. అత్తకు చదువు రాదు. లేఖరి ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద ఈ వైపు నుంచి ఆ వైపుకు దొర్లించాడు. వేలు ఆమెది. కదిలించింది ఇంకో చెయ్యి.

ఆ కాగితానికి పేరేమిటో తెలుసా? హక్కు విడుదల దస్తావేజు. ఇక్కడ మళ్ళీ నిఘంటువు గుర్తొస్తుంది. స్త్రీ విముక్తికి ఇంగ్లీషులో వాడే "ఎమాన్సిపేషన్" అన్న మాటలో కూడా వున్నది ఆ చెయ్యే. చేతి పట్టులోంచి వదిలిపెట్టడమని దాని అర్థం. రోమన్ల చట్టంలో తండ్రి తన అధికారం కిందున్న బిడ్డను స్వతంత్రుణ్ణి చేస్తే ఆ మాట వాడేవారు. పెళ్ళయిన ఆడది మొగుడి అధికారంలోకి పోతే, ఆ అధికారానికి పేరే "మనుస్". మరి ఆ రోజు మా అత్త విడుదల అయ్యిందా, విడుదల చేసిందా?

పెద్దయ్యాక, బి.ఏ. చదువుతూ ప్రపంచంలో అన్యాయాలన్నీ నా చేతి మీదుగా సరిదిద్దాలనుకునే వయసులో, ఆమెను అడిగాను. "నీకు తెలీకుండా నీ చేత వేలిముద్ర వేయించుకున్నారు గదత్తా?" అని.

అత్త నవ్వింది. "తెలీకుండా యేసినాననుకుంటివా పాపా? తెలుసు. తెలిసే యేసినా. బూమి పోతే బూమి ఒగటే పోతాది. తమ్ముళ్ళు పోతే పారువేటకు యాడికి రావల్ల?"

పారువేట సంగతి మా వైపు వారికి చెప్పనక్కర్లేదు. ఏటా సంక్రాంతి పండగ వెళ్ళీ వెళ్ళకముందే అహోబిలం నరసింహస్వామి పల్లకి ఎక్కి కొండ దిగుతాడు. దగ్గర దగ్గర 40 రోజులు ముప్ఫైకి పైగా వూళ్ళు తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెళ్ళికి తనే వచ్చి పిలుస్తాడని చెప్పుకుంటారు. స్వామి వచ్చే రోజుకు ఆ వూరి ఆడబిడ్డలందరూ పుట్టింటికి చేరుకుంటారు. దేవుడంతటివాడు గడపగడపకూ వచ్చి నోరు తెరిచి పిలిస్తే, మనుషులు తమక్కావలసింది అడగడానికి ఇన్ని వంకరలు పోవడమెందుకో నాకు అర్థం కాదు. మా అత్త పుట్టింటి పల్లె ఆ దారిలోదే. ఆ రోజు మా వాకిట్లో నిలబడి పల్లకి చూసే చోటు కోసం ఆమె భూమి వదులుకుంది.

కాబట్టి ఆమెకు తెలియనిదేమీ లేదు. చెప్పి చేస్తే చెడిపోయే పని కూడా కాదది. నా కొలత అక్కడ ముక్కలయింది. అయినా ఆ రోజు జరిగింది సరైందేనని నా మనసు ఒప్పుకోదు. ఆలోచించగా నాకు తోచింది ఇది. వాళ్ళు ఆమె దగ్గర దాచిందేమీ లేదు, నిజమే. కానీ ఆమె ప్రేమను ఆమె మీదే పనిముట్టుగా వాడారు. పుట్టింటికి రావడం ఆడపిల్ల హక్కు, దానికి ధర కట్టకూడదు. ధర కట్టినట్టు ఒక్కమాట కూడా అనకుండా ధర కట్టారు. "నీ మనసు వెన్న" అన్నది పొగడ్త కాదు, తట్టి చూడటం. ఆమె రాతివాటం తోడబుట్టినవాళ్ళ కంటే ఎవరికి బాగా తెలుస్తుంది? నన్ను భయపెట్టే సంగతి కూడా ఇదే. ఒక మనిషిని చక్కగా ప్రేమించాలన్నా, చక్కగా వంచుకోవాలన్నా ముందు తెలిసుండాల్సింది ఒకటే, ఆ మనిషి ఎక్కడ మెత్తనో.

చట్టం ఈ విషయంలో మనం అనుకున్నంత మొద్దుది కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ చూడండి. ఎదుటివారి ఇష్టాయిష్టాలను తన చెప్పుచేతల్లో పెట్టుకోగల స్థానంలో వున్నవారు, ఆ స్థానాన్ని వాడుకుని అన్యాయంగా లాభం పొందితే, ఆ ఒప్పందాన్ని నష్టపోయినవారు కొట్టెయ్యమని అడగవచ్చు. బెదిరింపు వుండనక్కర్లేదు, మోసం వుండనక్కర్లేదు. ఘోషాలో వుండే స్త్రీల విషయంలో, చదువు రాని స్త్రీల విషయంలో కోర్టులు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఆమెకు అర్థమయ్యే సంతకం పెట్టిందని రుజువు చేసుకోవలసిన భారం లాభపడ్డవారిదే అన్నాయి. చెప్పుచేతలు! మాటా, చెయ్యీ. మన భాష ఆ రెంటినీ ఎప్పుడో కలిపి కట్టేసింది.

మా నాయనను దోషిగా నిలబెట్టి చెయ్యి కడుక్కోవడం నాకు తేలిక. కానీ ఆయన్నూ ఒకరు చెక్కారు. మా అమ్మ.

మా పెద్దక్క పదోతరగతి పాసైనప్పుడు అమ్మ నేరుగా అడిగింది, పిల్లను పైకి చదివిద్దామని. "నీకెందుకు?" అన్నాడు నాయన. ఆ రెండు అక్షరాల... లెక్క పెట్టకండి, ఆ ఒక్క మాటతో మా అక్క చదువు ఆగిపోయింది. నా వంతు వచ్చేసరికి అమ్మ అడగడం మానేసింది. అన్నం వడ్డిస్తూ, ఎవరితోనూ కానట్టు, "పక్కూరి వాళ్ళు పిల్లను నంద్యాలలో డిగ్రీలో చేర్పించినారంట. మనకెందుకులే, మనకంత శక్తి యాడిది?" అంది. నాయన చెయ్యి కంచంలో ఆగింది. వారం తిరక్కుండా నేను నంద్యాల బస్సెక్కాను. పత్తి అమ్మిన డబ్బుతో ఫీజు కట్టారు. ఆ పత్తి పండిన చేలో మా అత్త వాటా కూడా వుంది, గుర్తుపెట్టుకోండి.

"మా పాపను చదివించాలని నాకు మొదట్నుంచీ పట్టుదల" అని మా నాయన రెండేళ్ళ క్రితం పోయేదాకా అందరితో చెప్పుకున్నాడు. అమ్మ వంటింట్లో నవ్వుకునేది. నాకూ నవ్వొచ్చేది. ఈమధ్య రావడం లేదు. అమ్మ చేసింది తప్పని అనను. నేరుగా అడిగే దారి మూసేసింది ఆయనే. వాకిలి మూస్తే దొడ్డిదారిన వస్తారు, ఆ దారికి పోయి దొంగంటే ఎలా? శక్తి లేనివాళ్ళు చేస్తే నంగనాచితనం, శక్తి వున్నవాళ్ళు చేస్తే చాణక్యం అంటున్న లోకం మీద నాకు ఎప్పుడూ అనుమానమే. అయినా ఒక చిన్న దిగులు. కూతుర్ని చదివించడం మంచిదని తనకే తోచి చదివించే తండ్రి మా నాయనలో ఎక్కడన్నా వుండేవాడేమో. పౌరుషం వైపు కాకుండా ఇంకో వైపు తట్టి వుంటే ఆ రాయి ఎలా మోగేదో? పెద్దక్క నాడు ఒక్కసారి తట్టి చూసి, బొంగుగా పలికిందని మళ్ళీ ఎవరమూ ఆ వైపుకు పోలేదు.

మొన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు మంచివాడు, ముందే చెబుతున్నాను. "అక్కా, పండక్కి రెండురోజులు ముందే ఆళ్లగడ్డకు వచ్చెయ్యి. పెద్దక్కా వస్తాంది. నాయన పేరు మీదున్నది నా పేరుకు మార్చుకోవల్ల, చిన్న సంతకం. పిల్లల్నీ పిల్చుకురా, పారువేట దాకా వుండి పోదురు. నీకిష్టమని ఓళిగలు చేయిస్తా" అన్నాడు.

2005లో సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్ళకు కొడుకులతో సమానమైన హక్కుందని నాకు తెలుసు. ఆ తేదీకి తండ్రి బతికి వున్నా లేకున్నా అది పుట్టుకతో వచ్చిన హక్కేనని 2020లో సుప్రీంకోర్టు చెప్పిందనీ తెలుసు. మనుస్సూ మనిపులుస్సూ తెలుసు. ఇన్ని తెలిసిన నాకు ఆ క్షణంలో కోపం రాలేదండీ. నోరూరింది.

"కాగితం ముందు పంపు నాయనా, చదువుతా" అన్నాను.

"నన్ను నమ్మవాక్కా?" అన్నాడు. నటన కాదు. నిజంగానే నొచ్చుకున్నాడు. మా నాయన గొంతే.

"నమ్ముతా. అందుకే అడుగుతుండా. అందులో అత్త వాటా కింద ఎంత రాస్తావో అది కూడా రాయించి పంపు. అత్త ఇంకా వుంది గదా, ఆమె పేరుతోనే రాయించు" అన్నాను.

అటునుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత "సరేలే అక్కా, చూస్తా" అని పెట్టేశాడు.

నిన్న ఆళ్లగడ్డ బస్సులో నా పేర స్టీలు డబ్బా వచ్చింది. పైన గుడ్డ కట్టి, జాగ్రత్తగా ముడేసి వుంది. విప్పి అడుగుదాకా వెతికాను. కాగితం లేదు. ఓళిగలు మాత్రం ఇంకా మెత్తగానే వున్నాయి.